హై ఎండ్ డెస్క్‌టాప్‌కు మదర్‌బోర్డు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అన్నది చాలామంది ఒక పూటలో తేల్చేసుకుంటారు. మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. ఒకే కంపెనీ, ఒకే చిప్‌సెట్ (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య డేటా నడిపే చిప్పు) మీద పది మోడళ్లు పెడుతుంది, పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం రెండు మూడు రెట్లు తేడాగా ఉంటాయి. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

ఖరీదైన బోర్డు కొంటే కంప్యూటర్ ఫాస్ట్ అవుతుందా?

అవదు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అవే అయినప్పుడు మధ్యరకం బోర్డుకీ అత్యంత ఖరీదైన బోర్డుకీ గేముల్లో వచ్చే తేడా కంటికి కనిపించదు. మిగతా భాగాలను వాటి పూర్తి సత్తాతో పనిచేయనివ్వడం, రేపు ఇంకొకటి తగిలించాలంటే చోటు చూపించడం, ఇవే బోర్డు పనులు. ఎక్కువ పెట్టే డబ్బు అదనపు ఎం.2 స్లాట్లకు (ఎస్‌ఎస్‌డీలు గుచ్చే చోట్లు), 10 గిగాబిట్ నెట్‌వర్క్‌కు, యూఎస్‌బీ4 పోర్టులకు, బరువైన హీట్‌సింకులకు, లైట్లకు పోతుంది. వాటిలో మీరు నిజంగా వాడేవి ఎన్నో చూసుకోండి. ఒక్క మినహాయింపు ఉంది. ఎక్కువ కరెంటు తాగే ప్రాసెసర్‌ను మరీ చవక బోర్డులో పెడితే వోల్టేజీ భాగం వేడెక్కి, ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది.

బడ్జెట్‌లో బోర్డుకు ఎంత శాతం కేటాయించాలి?

శాతాల లెక్క వదిలేయండి. బోర్డుకు ఏమేం తగిలించబోతున్నారో ఒక కాగితం మీద రాయండి: గ్రాఫిక్స్ కార్డులు ఎన్ని, ఎస్‌ఎస్‌డీలు ఎన్ని, పాత హార్డ్ డిస్కులు ఉన్నాయా, క్యాప్చర్ కార్డో సౌండ్ కార్డో ఉందా, వెనుక యూఎస్‌బీకి ఎన్ని వస్తాయి, నెట్‌వర్క్ వేగం ఎంత. రెండేళ్లలో కొనే ఉద్దేశం ఉన్నవి కూడా పక్కన రాసుకోండి. ఆ కాగితం మీదున్నదంతా ఒకేసారి తగిలించినా ఏదీ మూగబోకుండా నడిపించే బోర్డుల్లో చవకైనదే మీ బోర్డు.

హై ఎండ్ అంటే థ్రెడ్‌రిప్పర్ (ఏఎండీ తయారుచేసే భారీ వర్క్‌స్టేషన్ ప్రాసెసర్) లాంటిదే తీసుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. ఎస్‌టీఆర్5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), టీఆర్ఎక్స్50 చిప్‌సెట్‌తో 2023 చివర్లో వచ్చిన థ్రెడ్‌రిప్పర్ 7000 చిప్పులు 350 వాట్లవి. నాలుగు ఛానళ్ల మెమరీ ఉంటుంది, ప్రాసెసర్ నుంచే 48 పీసీఐఈ 5.0 లేన్లు (కార్డులకు, ఎస్‌ఎస్‌డీలకు డేటా వెళ్లే దారులు) వస్తాయి. డబ్ల్యూఆర్ఎక్స్90 బోర్డు, ప్రో చిప్పు కలిస్తే ఎనిమిది ఛానళ్లు, 128 లేన్లు. మూడు నాలుగు గ్రాఫిక్స్ కార్డులతో రెండరింగ్ చేసేవాళ్లకు, వందల గిగాబైట్ల ర్యామ్ నింపేవాళ్లకు ఇది తగిన చోటు. ఈ బోర్డుల్లో రిజిస్టర్డ్ (సర్వర్లలో వాడే రకం) డీడీఆర్5 ర్యామే పనిచేస్తుంది, మామూలు డెస్క్‌టాప్ స్టిక్కులు పనికిరావని ముందే తెలుసుకోండి. ఇక గేముల కోసమైతే 16 కోర్ల మామూలు డెస్క్‌టాప్ చిప్పే మేలు.

## సాకెట్, చిప్‌సెట్ తేల్చుకునేటప్పుడు

ఏఎం5 తీసుకోవాలా, ఎల్‌జీఏ 1851 తీసుకోవాలా?

ఏఎం5 ఏఎండీ సాకెట్, ఎల్‌జీఏ 1851 ఇంటెల్ సాకెట్. మీకు నచ్చిన ప్రాసెసర్ దేనిలో పడితే అదే తీసుకోండి. ప్రాసెసర్ ఎంపికలో రెండూ సమానంగా తూగితే మాత్రం సాకెట్ ఆయుష్షు చూడాలి. 2022లో రైజెన్ 7000తో మొదలైన ఏఎం5లో 8000, 9000 శ్రేణులు కూడా పడ్డాయి. ఈ సాకెట్‌ను 2027 వరకూ, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200ఎస్ చిప్పులతో ఎల్‌జీఏ 1851కి మారింది, ఎల్‌జీఏ 1700 బోర్డులున్నవాళ్లు వీటికోసం కొత్త బోర్డు కొనాల్సి వచ్చింది. మూడేళ్లకోసారి ప్రాసెసర్ మార్చే అలవాటు ఉంటే ఏఎం5 వైపు మొగ్గు చూపవచ్చు. ఒకసారి బిగించి ఐదారేళ్లు ముట్టుకోనివాళ్లకు ఈ చర్చతో పనే లేదు.

ఎక్స్870ఈ, ఎక్స్870, బీ850, బీ840... ఈ పేర్లలో అసలు తేడా ఏమిటి?

ఇవన్నీ ఏఎం5 బోర్డుల చిప్‌సెట్ల పేర్లు. ఎక్స్870ఈలో చిప్‌సెట్ చిప్పులు రెండు, ఎక్స్870లో ఒకటి. రెండో చిప్పు మొదటిదాని వెనుక గొలుసులా తగిలి ఉంటుంది. దానివల్ల పోర్టులు, స్లాట్లు పెరుగుతాయి. కానీ ఆ రెండూ కలిసి ప్రాసెసర్‌తో మాట్లాడేది నాలుగు పీసీఐఈ 4.0 లేన్ల మీదే, అంటే సెకనుకు దాదాపు 8 గిగాబైట్లు. కుళాయి ఒక్కటే ఉన్నప్పుడు కింద ఎన్ని బిందెలు పెడితే ఏం లాభం? అయితే అన్ని ఎస్‌ఎస్‌డీలూ ఒకేసారి పూర్తి వేగంతో నడిచే సందర్భాలు తక్కువ కాబట్టి రోజువారీ వాడకంలో ఇది ఇబ్బంది పెట్టదు.

ఎక్స్870, ఎక్స్870ఈ రెండింటిలోనూ యూఎస్‌బీ4 తప్పనిసరి. బీ850లో అది తయారీదారు ఇష్టం, గ్రాఫిక్స్ స్లాట్‌కు పీసీఐఈ 5.0 ఇవ్వడం కూడా అంతే. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను దాని నిర్ణీత వేగం మించి నడపడం) మాత్రం బీ850లోనూ చేసుకోవచ్చు. ఒకే గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్‌ఎస్‌డీలు ఉండే బిల్డ్‌కు మంచి బీ850 బోర్డు సరిపోతుందన్నది మా అభిప్రాయం. బీ840 విషయంలో జాగ్రత్త. పేరులో ‘బీ’ ఉన్నా ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు, హై ఎండ్ బిల్డ్‌లో దానికి చోటు లేదు.

ఇంటెల్‌లో జెడ్890 తప్పదా, బీ860 సరిపోదా?

‘కే’ అక్షరం ఉన్న ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే జెడ్890 తప్పదు. బీ860లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్ మల్టిప్లయర్‌ను (దాని వేగాన్ని నిర్ణయించే అంకెను) ముట్టుకోలేరు. రెండో తేడా చిప్‌సెట్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి: జెడ్890లో ఎనిమిది లేన్లు, బీ860లో నాలుగు. నాలుగైదు ఎస్‌ఎస్‌డీలు పెట్టి వాటి మధ్య పెద్ద ఫైళ్లు తిప్పే వీడియో ఎడిటర్లకు ఇది తెలుస్తుంది. మిగతావాళ్లకు అంతగా తెలియదు.

## స్లాట్లు, లేన్లు లెక్కపెట్టేటప్పుడు

రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు 16 లేన్ల నుంచి 8కి పడిపోయింది. బోర్డు పాడైందా?

పాడవలేదు, దాన్ని అలాగే తయారు చేశారు. రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లలో 28 లేన్లుంటాయి. నాలుగు చిప్‌సెట్‌కు పోగా మిగిలేవి 24. గ్రాఫిక్స్‌కు 16, మొదటి ఎం.2 స్లాట్‌కు 4 పోతే ఇంకో 4 చేతిలో ఉంటాయి. ఎక్స్870 శ్రేణి బోర్డుల్లో ఆ నాలుగింటిని సాధారణంగా యూఎస్‌బీ4 తీసుకుంటుంది. ఇక ప్రాసెసర్‌కు నేరుగా కలిసే రెండో ఎం.2 స్లాట్ ఇవ్వాలంటే లేన్లు ఎక్కడినుంచి తేవాలి? గ్రాఫిక్స్ వాటాలోంచే.

ఇది పెట్టె మీద రాయరు. మాన్యువల్‌లో ఎం.2 స్లాట్ల పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో ఉంటుంది: ‘ఎం.2_2 స్లాట్ వాడినప్పుడు పీసీఐఈఎక్స్16_1 స్లాట్ 8 లేన్లతో నడుస్తుంది’ అనో, ‘ఎం.2_3 వాడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవు’ అనో (సాటా అంటే పాత హార్డ్ డిస్కుల్లాంటివి తగిలించే పోర్టు). మాన్యువల్ బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొనకముందే దించుకుని ఆ ఒక్క పేజీ, ఉంటే బ్లాక్ డయాగ్రమ్ చూడండి. గంటల తరబడి రివ్యూ వీడియోలు చూసినా దొరకని సంగతి ఆ పేజీలో దొరుకుతుంది. ఇప్పటికే బిగించేసి ఉంటే ఎస్‌ఎస్‌డీని చిప్‌సెట్ కింద ఉన్న ఎం.2 స్లాట్‌లోకి మార్చండి, చాలా బోర్డుల్లో కార్డు తిరిగి 16 లేన్లకు వచ్చేస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు 8 లేన్లతో నడిస్తే నష్టం ఎంత?

కార్డు పీసీఐఈ 5.0ది అయితే దిగులు పడకండి. 5.0లో 8 లేన్లు, 4.0లో 16 లేన్లు ఒకటే, సెకనుకు సుమారు 32 గిగాబైట్లు. గేముల్లో ఆ తేడా పట్టుకోవడం కష్టం. 4.0 కార్డు 8 లేన్లతో నడిచినా తగ్గుదల చాలావరకు స్వల్పమే. వీడియో మెమరీ చాలక కార్డు మాటిమాటికీ సిస్టమ్ ర్యామ్ వైపు పరిగెత్తే సందర్భాల్లో మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది.

రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టాలి. పొడుగు స్లాట్లు రెండుంటే చాలా?

చాలదు. పొడుగ్గా ఉన్నంత మాత్రాన 16 లేన్లున్నట్టు కాదు. చాలా బోర్డుల్లో రెండో పొడుగు స్లాట్‌కు లోపల నాలుగు లేన్లే ఉంటాయి, అవీ చిప్‌సెట్ నుంచి వస్తాయి. స్పెసిఫికేషన్లలో ప్రాసెసర్ లేన్లు రెండు స్లాట్లకూ ఎనిమిదేసి చొప్పున విడిపోతాయని స్పష్టంగా రాసి ఉన్న బోర్డే కావాలి. ఆ తర్వాత స్కేలు తీయండి. ఇప్పటి పెద్ద కార్డులు మూడు, మూడున్నర స్లాట్ల మందం ఉంటున్నాయి. రెండు స్లాట్ల మధ్య అంత దూరం లేకపోతే రెండో కార్డు పట్టదు, పట్టినా పై కార్డు ఫ్యాన్లకు గాలి ఆడదు.

జెన్5 ఎం.2 స్లాట్లు ఎన్ని ఉండాలి?

ఒకటి చాలు. జెన్5 అంటే పీసీఐఈ 5.0, జెన్4 అంటే 4.0. వేగమైన జెన్5 ఎస్‌ఎస్‌డీలు వరుసగా చదివేటప్పుడు సెకనుకు 14 గిగాబైట్ల దాకా వెళ్తాయి, జెన్4వి 7 దగ్గర ఆగుతాయి. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తేడా కనిపిస్తుంది. విండోస్ ఆన్ అవడంలో, గేమ్ లోడ్ అవడంలో దాదాపు కనిపించదు. జెన్5 డ్రైవ్ బాగా వేడెక్కుతుంది కూడా, కాబట్టి ఆ స్లాట్‌పై మందమైన హీట్‌సింక్ ఉందో లేదో చూడండి.

## ర్యామ్ దగ్గర

నాలుగు స్లాట్లున్నాయి కదా, నాలుగు స్టిక్కులు పెడితే ఏమవుతుంది?

సామర్థ్యం పెరుగుతుంది, వేగం పడిపోతుంది. రైజెన్ 9000కి ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులతో డీడీఆర్5-5600, నాలుగు పెడితే 3600. బయోస్‌లో (బోర్డులోనే ఉండే ప్రాథమిక సెట్టింగుల ప్రోగ్రామ్) కుస్తీ పట్టి అంతకన్నా ఎక్కువకు తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు, కానీ దానికి గ్యారంటీ లేదు. ఇప్పుడు రెండు కొని తర్వాత ఇంకో రెండు కలుపుదాం అన్న ప్లాన్ డీడీఆర్5 కాలంలో పెట్టుకోవద్దు. ఎంత ర్యామ్ కావాలో ఇప్పుడే తేల్చుకుని రెండు స్టిక్కుల కిట్‌గా తీసుకోండి. స్టిక్కుకు 48 గిగాబైట్ల కిట్లు కూడా ఉన్నాయి, రెంటికి 96 అవుతుంది.

బోర్డు పెట్టె మీద 8000కి పైగా అని రాసి ఉంది. అంత వేగం ర్యామ్ కొనాలా?

ఆ అంకె ఓవర్‌క్లాకింగ్‌ది. మంచి ప్రాసెసర్, మంచి స్టిక్కులు, అదృష్టం కలిసొస్తే అందుతుంది. రైజెన్‌కైతే 6000 వేగం, తక్కువ లేటెన్సీ (ఆలస్యం) ఉన్న ఎక్స్‌పో (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపించే ఏఎండీ సెట్టింగ్) కిట్ తీసుకుంటే టెన్షన్ ఉండదు. మీరు కొనే కిట్ మోడల్ నంబర్ బోర్డు తయారీదారు ఇచ్చే పరీక్షించిన ర్యామ్‌ల జాబితాలో ఉందో లేదో చూడండి. కొన్నాక బయోస్‌లో ఎక్స్‌పో గానీ దానికి ఇంటెల్ రూపమైన ఎక్స్‌ఎంపీ గానీ ఆన్ చేయడం మరవకండి. ఆన్ చేయకపోతే 6000 కిట్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది.

ఈసీసీ ర్యామ్ పెట్టుకోవచ్చా?

ఈసీసీ అంటే చిన్న తప్పులను తానే సరిదిద్దుకునే ర్యామ్. రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు బఫర్ లేని ఈసీసీని అంగీకరిస్తాయి, అయితే బోర్డు కూడా ఒప్పుకోవాలి. స్పెసిఫికేషన్లలో ఆ మాట స్పష్టంగా ఉన్న బోర్డే కొనండి. ఇంటెల్‌లో జెడ్890తో కుదరదు, డబ్ల్యూ శ్రేణి చిప్‌సెట్ బోర్డు చూసుకోవాలి.

## కరెంటు, వేడి

16+2+2 ఫేజ్‌లు అని రాస్తారు. ఎక్కువ ఉంటే మంచిదేనా?

ఫేజ్‌లంటే ప్రాసెసర్‌కు కరెంటు సర్ది అందించే భాగాలు. ఆ అంకె ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. మొదటి అంకె ప్రాసెసర్ కోర్లకు కరెంటు ఇచ్చే భాగాలది. ఒక్కో పవర్ స్టేజ్ ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్నది, అంటే 60నా, 90నా, 110నా అన్నది, అంతే ముఖ్యం. వాటిపై నిజమైన బరువున్న లోహపు హీట్‌సింక్ ఉందా లేక ప్లాస్టిక్ మూతా అన్నది ఇంకా ముఖ్యం. 170 వాట్ల రైజెన్ 9 చిప్పు సాకెట్ ద్వారా 230 వాట్ల దాకా తీసుకుంటుంది. కోర్ అల్ట్రా 9 285కే గరిష్ఠ టర్బోలో 250 వాట్లు. ఈ స్థాయిని మంచి మధ్యరకం బోర్డులు హాయిగా మోస్తాయి. 20కి పైగా ఫేజ్‌లున్న బోర్డులు లిక్విడ్ నైట్రోజన్‌తో రికార్డులు కొట్టేవాళ్ల కోసం, మీకోసం కాదు.

ప్రాసెసర్ కోసం ఎనిమిది పిన్నుల కనెక్టర్లు రెండున్నాయి. రెండూ పెట్టాలా?

మామూలు సెట్టింగుల్లో చాలా బోర్డులు ఒకదానితో నడిచిపోతాయి. పవర్ సప్లైకి రెండు కేబుళ్లు ఉంటే రెండూ పెట్టేయండి, వేడి పంచుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డుకిచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ వైరింగ్ వేరు. దూరడం లేదని బలవంతంగా నొక్కారో, అంతే సంగతులు.

## సైజు, పోర్టులు

ఈ-ఏటీఎక్స్ బోర్డు నా కేసులో పడుతుందా?

ఏటీఎక్స్ అంటే 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. ఈ-ఏటీఎక్స్ దగ్గరే గందరగోళం. ప్రమాణం ప్రకారం 305 × 330, కానీ 277 మిల్లీమీటర్ల వెడల్పున్న బోర్డులకూ అదే పేరు పెడతారు. పేరు కాకుండా మిల్లీమీటర్లు చూడండి. బోర్డు వెడల్పుకు తోడు బోర్డుకు కరెంటిచ్చే 24 పిన్నుల కేబుల్ వంపు తిరగడానికి కొంత చోటు మిగలాలి. కనెక్టర్లు వెనుక వైపున్న బోర్డు ఎంచుకుంటే కేసులో కూడా వాటికి సరిపడా రంధ్రాలుండాలి.

పోర్టుల్లో ఏవి తప్పక చూడాలి?

వెనుక వైపు యూఎస్‌బీ పోర్టుల సంఖ్య ముందుగా చూడండి, ఎప్పుడూ చాలవు. కేసు ముందు టైప్-సీ పోర్టు ఉంటే బోర్డు మీద దానికి తగిన హెడర్ ఉందో లేదో చూడాలి. నెట్‌వర్క్‌కు 2.5 గిగాబిట్ చాలామందికి ఎక్కువే.

## కొనేటప్పుడు, విప్పేటప్పుడు

కొత్త ప్రాసెసర్, పాత స్టాకు బోర్డు. ఆన్ అవుతుందా?

బోర్డులో ఉన్న బయోస్ ఆ ప్రాసెసర్ కన్నా పాతదైతే ఆన్ కాకపోవచ్చు. అందుకే వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డే తీసుకోమంటాం. ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే, పవర్ సప్లై తగిలించి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలు వేసి, గుర్తు పెట్టిన పోర్టులో గుచ్చి, బటన్ నొక్కి పట్టుకుంటే అప్‌డేట్ అయిపోతుంది. ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే మార్చాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లైటు మెరుస్తున్నంతసేపు కరెంటు తీయకండి.

పెట్టె విప్పగానే ఏం చూడాలి?

సాకెట్ పిన్నులు. ఏఎం5లోనూ, ఎల్‌జీఏ 1851లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి. మూత తీసి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వరుసలో మెరవాలి. ఎక్కడైనా వరుస చెదిరినా, ఒక చుక్క వేరేగా మెరిసినా ఫొటో తీసి అమ్మినవాళ్లకు వెంటనే చెప్పండి. సాకెట్ ప్లాస్టిక్ మూతను దాచుకోండి, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు. సెకండ్ హ్యాండ్ బోర్డైతే పిన్నుల దగ్గరి ఫొటో పంపనివాళ్ల దగ్గర కొనొద్దు.

## బిగించాక

ఆన్ చేశాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మీద ఏమీ లేదు. ఏం చేయాలి?

ముందు ఆగండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ సర్దుకుంటాయి, ర్యామ్ ఎక్కువైతే పది నిమిషాల దాకా పట్టవచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికీ రాకపోతే స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చారా అన్నది. నవ్వుకోకండి, బోర్డు పోర్టుకు గుచ్చి రాత్రంతా తలపట్టుకునేవాళ్లు తక్కువేమీ లేరు. బోర్డు మీద తప్పు చూపించే చిన్న లైట్లు గానీ రెండంకెల డిస్‌ప్లే గానీ ఉంటే ఆగిపోయింది ర్యామ్ దగ్గరా, కార్డు దగ్గరా అన్నది అదే చెబుతుంది.

అంతా బాగానే నడుస్తోంది. బయోస్ అప్‌డేట్ చేయడం అవసరమా?

బాగా నడుస్తుంటే ముట్టుకోవద్దన్న పాత సలహా ఇప్పుడు పూర్తిగా చెల్లదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఆ తర్వాత బయోస్ ద్వారానే ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందే వోల్టేజీ) 1.3 వోల్టులకు కట్టడి చేశారు. ఇంటెల్ 13, 14 తరం చిప్పుల అస్థిరతకు కూడా 2024లో మైక్రోకోడ్ (చిప్పు లోపలి సూచనల) మార్పులు బయోస్ రూపంలోనే వచ్చాయి. బిల్డ్ పూర్తవగానే ఒకసారి తాజా స్థిరమైన వెర్షన్‌కు వెళ్లండి, బీటావి వదిలేయండి. ఆ తర్వాత విడుదల వివరాల్లో భద్రత, వోల్టేజీ, స్థిరత్వం అన్న మాటలు కనిపించినప్పుడు చేస్తే చాలు. అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికొస్తాయి, ఎక్స్‌పో మళ్లీ ఆన్ చేసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ హీట్‌సింక్ ఉన్నా బాగా వేడెక్కుతోంది. ఎందుకు?

హీట్‌సింక్ విప్పి, దాని కింద మెత్తటి ప్యాడ్ మీదున్న పలుచని ప్లాస్టిక్ పొర పీకారో లేదో చూడండి. చాలాసార్లు అది అలాగే ఉండిపోతుంది.